పుట్టగొడుగుల కూర

ఆదోని ఎండల్లో పుట్టగొడుగులు కొంటే ఇంకెక్కడా ఆగకుండా ఇల్లు చేరాలి. నేను పాల పుట్టగొడుగులే తీసుకుంటాను. బటన్ రకం పెరగాలంటే చల్లదనం కావాలి, ఇవి 35 డిగ్రీల వేడిలోనూ పెరుగుతాయి. ముట్టుకుంటే గట్టిగా, పొడిగా ఉండాలి. జిగురు తగిలితే వదిలేస్తాను. వానలకు చేలగట్ల మీద లేచినవాటి రుచే వేరు, నిజమే. కానీ విషపువాటిని గుర్తుపట్టే కన్ను నాకు లేదు. ఉడికిస్తే విషం పోతుందన్నది వట్టి మాట.

తెచ్చినవి కడగకుండా కాగితపు సంచిలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి. ప్లాస్టిక్ కవరులో చెమట పట్టి పాడవుతాయి. రెండు మూడు రోజుల్లో వండేయాలి. వండేముందు ముక్కలు కోసి కాసేపు ఎండలో పెడితే డి విటమిన్ పెరుగుతుంది. ఎండకు మనకేం కరువు!

వీటికి మందు గుణాలున్నాయని ఫోన్లలో ఒకటే మోత. ఎమ్మిగనూరులో మా అత్తమ్మ అలాంటి వీడియో చూసి, చక్కెర మాత్రలు పక్కన పెట్టి రోజూ పుట్టగొడుగులు తినడం మొదలుపెట్టారు. వారం దాటాక గానీ మాకు తెలియలేదు. వెళ్లేసరికి నోరెండిపోతోందంటూ మాటిమాటికీ నీళ్లు తాగుతున్నారు. ఆ సాయంత్రమే డాక్టరుకు చూపించాం. చక్కెర బాగా పెరిగింది. మాత్రలు మళ్లీ మొదలు.

రాత్రికి నేనే వండాను. వెల్లుల్లి, మిరియాలు వేసి, ఊరిన నీళ్లన్నీ ఇగిరేదాకా వేయించి, జొన్నరొట్టెతో పెట్టాను.

"అయితే ఇది మందు కాదా?" అన్నారు, మాత్ర చేతిలో పట్టుకుని.

"కూర, అత్తమ్మా."

"కూరైతే ఇంకాస్త కారం వెయ్యాల్సింది."