నడుము మీది నల్లని గీత

మా నందివాడ ప్రాంతంలో చేపల చెరువులుగా మారినవి పోగా మిగిలిన చేలలో నాట్లు వేసే స్త్రీలను చూస్తూ మేము పెరిగాము. కుచ్చెళ్లు ఎగదోపి, లంగా బొందు బిగించి, గంటల తరబడి వారు నడుము వంచి పనిచేస్తారు. బొందు ఒరిసిన చోట నడుము చుట్టూ నల్లని గీత పడుతుంది. మన తల్లులకు, నాయనమ్మలకు అది పుట్టుమచ్చ వంటిది. దానిని వ్యాధిగా ఎవరూ తలచరు.

సాధారణంగా అది వ్యాధి కాదు కూడా. అయితే ఏండ్ల తరబడి ఒకే చోట ఒరిపిడికి చెమట, దుమ్ము తోడైతే చర్మం పొరలెత్తి పుండు పడవచ్చు. మానుతూ మళ్లీ రేగే పుండులో, మిక్కిలి అరుదుగానే అయినా, క్యాన్సరు పుడుతుంది. బొంబాయి టాటా మెమోరియల్ ఆసుపత్రికి చెందిన ఖనోల్కర్, సూర్యాబాయి గారలు 1945లోనే ధోవతి బిగించి కట్టేవారి నడుముపై పుట్టే క్యాన్సరును వర్ణించారు. కనుక ఇది స్త్రీల బాధ మాత్రమే అనుకొనరాదు.

2024లో వార్ధా, మధుబని వైద్యకళాశాలల వైద్యులు ఇద్దరు వృద్ధస్త్రీల సంగతి ప్రకటించారు. డెబ్బదేండ్ల ఆమెకు కుడిపక్కన పదునెనిమిది నెలలుగా మానని పుండు. వారిద్దరిలో ఒకరికి ఆరేండ్ల క్రితం కనబడినది చిన్న తెల్లమచ్చ మాత్రమే. రెండవ ఆమె నలుబదేండ్లుగా లంగా లేకుండానే 'లుగ్డా' చీర బిగించి కట్టినది. రెండేండ్ల పుండు క్యాన్సరై గజ్జలలోని గ్రంథికి పాకినది. అనగా బొందు లేకున్నా బిగువు ఒక్కటే చాలునన్నమాట! షల్వారు నాడా బిగించినా ఒరిపిడి ఒరిపిడే.

మమ్మల్ని కలవరపెట్టేది ఆ ఆరేండ్లు, ఆ రెండేండ్లు. మన ఇండ్లలో నడుము మీది పుండుకు పసుపు, కొబ్బరినూనె రాస్తారు. పరాయి మగవానికి, వైద్యుడైనా సరే, చూపడానికి సిగ్గుపడతారు. కొన్ని వారాలైనా మానని పుండు నుండి చిన్న ముక్క తీసి పరీక్షిస్తే నిజం తేలుతుంది. పాకక ముందే కోసి తీసివేస్తే చాలావరకు నయమవుతుంది. గుడివాడ ఆసుపత్రి మనకు దూరమా? సెలవులకు ఇంటికి వెళ్లే సోదరీమణులు ఈ ప్రశ్న తల్లిని అడగగలరు. మా వంటి మగపిల్లలకు అది కష్టమే.

సన్నని బొందుకు బదులు వెడల్పు పట్టీ వేయించుకొనడం, రోజూ ఒకే గీత మీద కట్టక కాస్త పైకో కిందికో మార్చడం, ఇంటి పట్టున ఉన్నప్పుడు వదులు చేయడం ఖర్చులేని పనులు. మా ఇంట ఈ మధ్య కుట్టించిన లంగాలకు నాలుగు వేళ్ల వెడల్పు పట్టీ వేయించారు. అది జారిపోతుందని దర్జీ వాదించాడు. జారలేదు. మా నాయనమ్మ మాత్రం ఇంకా ఒప్పుకొనలేదు.