పరిహారం వచ్చేదాకా అప్పు ఆగదు

2014 జూన్ 27 తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ గ్యాస్ పైపులైను పేలినప్పుడు పరిహారం గంటల్లో ప్రకటించారు. చనిపోయినవారి కుటుంబానికి గెయిల్ 20 లక్షలు, రాష్ట్ర ప్రభుత్వం 3, ప్రధాని సహాయ నిధి నుంచి 2, మొత్తం 25 లక్షలు. భోపాల్ గ్యాస్ ప్రమాదం తర్వాత ఇలాంటి ప్రమాదాల కోసమే తెచ్చిన 1991 చట్టం, తప్పెవరిదో తేల్చకుండా మరణానికి ఇమ్మన్నది అప్పటికి 25 వేలే. తేడా ఎక్కణ్ణుంచి వచ్చింది? దేశమంతా నగరం వైపు చూస్తోంది కాబట్టి. 216 జాతీయ రహదారి మీద ఒక్క మనిషి కాలు విరిగితే ఎవరూ చూడరు. వస్తే గిస్తే బండి ఓనరు తరఫు మనిషి వస్తాడు, రాజీకి.

నా దగ్గరికీ వచ్చాడు. అంబాజీపేటలో చిన్న కొబ్బరి వ్యాపారం నాది. మోటారు సైకిల్ మీద వెళ్తుంటే వెనకనుంచి వ్యాను గుద్దింది. "కేసులెందుకండి, ఆసుపత్రి ఖర్చు మేం పెట్టుకుంటాం కదండి" అన్నాడు. మా వాళ్లు సగం మెత్తబడ్డారు కూడా. కానీ ఆ బండికి థర్డ్ పార్టీ బీమా ఉంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ తీర్పిస్తే డబ్బు కట్టాల్సింది బీమా కంపెనీ. ఎఫ్ఐఆర్ లేకుండా రాజీ పడితే లాభం ఓనరుకే. మా బావమరిదిని స్టేషన్‌కి పంపాను.

అసలు చిక్కు తర్వాత మొదలైంది. కేసు తేలేదాకా ఇల్లు గడవాలి. మా వైపు చేబదులు తెచ్చుకుంటే నూటికి రెండు రూపాయల వడ్డీ, అంటే ఏడాదికి 24 శాతం. ట్రిబ్యునల్ పరిహారం మీద వేసే వడ్డీ సాధారణంగా 6 నుంచి 9 శాతం మధ్యే. ఎంత పెద్ద తీర్పు వచ్చినా ఆ తేడా మింగేస్తుంది. అందుకే మా ఆవిడ నగలు బ్యాంకులో పెట్టి తక్కువ వడ్డీకి అప్పు తీసుకున్నాం. ఆవిడకి ఇష్టం లేదు, ఆ మాట ఇప్పటికీ అంటుంది. నా లెక్క మాత్రం మారదు.

పరిహారం నొప్పికంటే ఎక్కువగా పోయిన సంపాదన మీద కడతారు. 38 ఏళ్ల మనిషికి నెలకు 12,000 ఆదాయం అనుకోండి. ఏడాది ఆదాయాన్ని 15తో గుణిస్తారు, 2009లో సరళా వర్మ కేసులో సుప్రీంకోర్టు వేసిన పట్టిక అది. 21 లక్షల 60 వేలు. మెడికల్ బోర్డు 30 శాతం వైకల్యం రాసిందని అంతే ఇస్తే 6 లక్షల 48 వేలు. కానీ అతను కొబ్బరి దింపు తీసేవాడైతే? కాలు సరిగా మడవలేనివాడు చెట్టెక్కలేడు. బోర్డు రాసిన శాతం కాదు, ఆ మనిషి పని ఎంత పోయిందో చూడాలని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడిగినవాడికే అది దక్కుతుంది. కొబ్బరిచెట్టు ఎక్కడమంటే ఏమిటో కోర్టులో ఎవరో ఒకరు వివరంగా చెప్పాలి.

ఆ దింపు మనిషికి ఆదాయానికి కాగితం ఉండదు, అంతా చేతి డబ్బే. నాకు ఉంది. బ్యాంకు లోను కోసం అంతకుముందే రిటర్నులు వేయడం మొదలుపెట్టాను. అవతలి లాయరు "కొబ్బరికాయల్లో ఇంత వస్తుందా?" అంటే ఆ కాగితాలే జవాబిచ్చాయి. ఇప్పుడు మా దగ్గర పనిచేసేవాళ్లకి కూలి బ్యాంకు ఖాతాలోనే వేస్తున్నాను. కొందరు విసుక్కుంటారు, ఫరవాలేదు.

వచ్చినదాంట్లో వాటా అడిగిన లాయరును వద్దన్నాను. అలాంటి ఒప్పందాన్ని బార్ కౌన్సిల్ నియమాలే ఒప్పవు. చివరికి లోక్ అదాలత్‌లో, అడిగినదానికంటే తక్కువకే ఒప్పుకున్నాను. అక్కడి తీర్పు మీద అప్పీలు ఉండదు. అంటే బీమా కంపెనీ హైకోర్టుకెక్కి నన్ను ఇంకొన్నేళ్లు తిప్పలేదు. డబ్బు రాగానే ముందు నగలు విడిపించాను, మిగిలింది ఫిక్స్‌డ్ డిపాజిట్ వేశాను.

ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరుండే చోటి ట్రిబ్యునల్లోనే కేసు వేయొచ్చు. చట్టంలో ఉన్న గడువు ప్రమాదం జరిగిన నాటి నుంచి 6 నెలలు. ఆ గడువు మీద సుప్రీంకోర్టులో వివాదం నడుస్తున్నా, దాన్ని నమ్ముకుని ఆగకండి. ఎఫ్ఐఆర్, గాయాల సర్టిఫికెట్, ప్రతి మందుల బిల్లూ ఒక కవర్లో పెట్టి ఈలోపే వెళ్లండి.