పేరు కుదరని ఫైలు

బీమా కార్యాలయంలో, క్లెయిముల విభాగంలో సహాయకులుగా పనిచేసే కోయ యువకులం మేం కొందరం. డబ్బు మంజూరు చేసేది మేం కాదు. కాగితాలు తీసుకోవడం, రిజిస్టరులో ఎక్కించడం, తక్కువైనవి అడుగుతూ ఉత్తరం రాయడం, ఫైలు పై అధికారికి పంపడం మా పని. చిన్న పనే అంటారు. కానీ ఫైలు ఆగినా కదిలినా ముందు మా బల్ల దగ్గరే.

మన ఊళ్ల ఫైళ్లు ఎక్కువగా పేరు దగ్గర ఆగుతాయి. ఇంట్లో ఇడమయ్య, బడి రికార్డులో ఈదయ్య. ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటే బ్యాంకు పుస్తకంలో వెనకుంటుంది. ఇద్దరూ ఒక్కరేనని ఊరంతటికీ తెలుసు. కాగితానికి తెలియదు.

ప్రధానమంత్రి సురక్షా బీమా 2015లో మొదలైంది. బ్యాంకు ఖాతా ఉన్న 18 నుంచి 70 ఏళ్ల వారు ఇప్పుడు ఏడాదికి 20 రూపాయలు కడితే చాలు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి 2 లక్షలు వస్తాయి. పాము కాటు, చెట్టు మీంచి పడడం కూడా ఇందులో ప్రమాదాలే. తునికాకు కోసేవాళ్లం, తాటిచెట్టు ఎక్కేవాళ్లం, మనకు పనికొచ్చే బీమానే. అయితే వీటికి వెంటనే ఆసుపత్రిలో చూపించినట్టు కాగితం ఉండాలి. మంత్రం వేయించుకుంటూ ఇంట్లోనే చనిపోతే ఆ కాగితం ఉండదు. మనిషీ దక్కడు, డబ్బూ రాదు. ఆ ఉత్తరం రాయాలంటే మాకు చేతులు రావు.

ఒక అవ్వ కొడుకు క్లెయిము కోసం మూడుసార్లు వచ్చి తిరిగి వెళ్లింది. ఏ కాగితం కావాలో ప్రతిసారీ చెప్పారు, తెలుగులో. ఆమెకు అర్థం కాలేదు, అడగడానికి భయపడింది. మాలో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని కోయలో చెప్పారు. నాలుగోసారి ఆమె సరైన కాగితంతోనే వచ్చింది. రూలు మారలేదు, భాష మారిందంతే.

అందుకే ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల పేరు బడిలో రాసేటప్పుడే తల్లిదండ్రులను అడిగి, ఆధార్‌తో సరిచూసి రాయండి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! అమ్మానాన్నల ఆధార్, బ్యాంకు పుస్తకం పక్కపక్కన పెట్టి చూడండి. నామినీ ఎవరో అడగండి. బీమాలో చేరి ఉంటే మే నెలాఖరుకు ఖాతాలో ఆ 20 రూపాయలు ఉండేలా చూడండి. పాము కరిస్తే ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి, చీటీ దాచండి. చదువయ్యాక ఇలాంటి బల్లల దగ్గరకు మీరూ రండి. మన మాట తెలిసినవాళ్లు అక్కడ ఇంకా కావాలి.