గడిగడికీ రెట్టింపు

డిసెంబర్ 12, హనుమకొండ

చెల్లెలి బిడ్డ చదరంగం గళ్ల పద్యం అప్పజెప్పింది. పావులూరి మల్లన పేరు మీద నిలిచిన పద్యం. మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహాన్ని పదకొండో శతాబ్దంలోనే తెలుగు చేసిన కవి ఆయన. మొదటి గడిలో ఒకటి, ఆపైన గడిగడికీ రెట్టింపు. 64 గళ్ల మొత్తం 18446744073709551615. ఇరవై అంకెలూ మాటలుగా పద్యంలో ఉన్నాయి, ఒకట్ల స్థానం నుంచి వరసగా. తను చెబుతుంటే నేను కుడి నుంచి ఎడమకు రాశాను. 4 నాలుగుసార్లు వచ్చింది. నాలుగుసార్లూ పేరు వేరు: అబ్ధి, వేద, పయోనిధి, పద్మజాస్య. గణాలు కుదరాలి కనుక మాట జారితే నాలుకకే తెలిసిపోతుంది.

డిసెంబర్ 15

హసన్‌పర్తి దారిలో వడ్ల కొనుగోలు కేంద్రం. 40 కిలోల బస్తాలు కాంటా మీదికి ఎక్కుతున్నాయి. గ్రాముకు దాదాపు 40 గింజలనుకుంటే బస్తాకు 16 లక్షలు. గళ్ల లెక్కలో 21వ గడి పూర్తికాకముందే బస్తా నిండుతుంది. 64 గళ్లూ నింపాలంటే సుమారు 46 వేల కోట్ల టన్నుల వడ్లు కావాలి. ఇప్పటి లెక్కన ప్రపంచమంతా ఐదారు వందల ఏళ్లు పండించాలి. చివరి గడి ఒక్కటే, ముందున్న 63 గళ్ల మొత్తం కన్నా సరిగ్గా ఒక్క గింజ ఎక్కువ.

డిసెంబర్ 18

"మామా, చివర ఐదుంది. ఐదుతోని పోతది. అంకెలు కూడితే 87, మూడుతోని గూడ పోతది."

అక్కడితో ఆగనివ్వలేదు. మొత్తం అంటే రెండును 64 సార్లు గుణించి ఒకటి తీసేయడమే. తొమ్మిదో తరగతి సూత్రం, రెండు వర్గాల భేదం, చాలు. మళ్లీ మళ్లీ విడగొడితే 3, 5, 17, 257, 65537, 4294967297 వచ్చాయి. ఇవి ఫెర్మా సంఖ్యలు. ఈ వరసలోవన్నీ ప్రధాన సంఖ్యలేనని గణితవేత్త ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ చివరిదాన్ని 641తో భాగించి చూపించాడు: 641 × 6700417. అంటే మల్లన సంఖ్యకు ఏడు ప్రధాన కారణాంకాలు, ఏదీ రెండోసారి రాదు. కనుక దాన్ని నిశ్శేషంగా భాగించే సంఖ్యలు మొత్తం 128.

డిసెంబర్ 22, జాతీయ గణిత దినోత్సవం

రామానుజన్ పుట్టినరోజు. బడుల్లో పద్యాలు, ఉపన్యాసాలు. మన పూర్వులు ఎంత గొప్పవారో చెప్పడం మంచిదే, కానీ సంఖ్యను పిల్లల చేతికివ్వాలి. కంఠం దాన్ని దాచగలదు. దాని లోపల ఏముందో చెప్పేది భాగహారమే.

"ఇంకో రెండు కలిపితే ఎట్లుంటది మామా?" అనడిగింది. అదే తర్వాతి ఫెర్మా సంఖ్య. 1880లో ఎనభై దాటిన వయసులో ఫ్రాన్సు దేశపు లాండ్రీ దాన్ని విడగొట్టాడు: 274177 × 67280421310721. కాగితం మీద గుణించి చూస్తానంది. పద్యం నోటికొచ్చిన పిల్లకు ఈ గుణకారం చేతికి రావాలి.