టూరిస్టులైతే రానిస్తారు



పోయిన ఆదివారం పోస్టు రాయలేదు. ఏమైందని ఇన్‌బాక్సులో అడిగినవాళ్ళకు ఇదే జవాబు. మూడు వారాలుగా నేను మంచు లెక్కల్లో మునిగి ఉన్నాను. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసి మంచు లెక్కలేంటి మేడం అని నవ్వకండి. చివరిదాకా చదవండి.

మా కాలేజీలో చదువుతున్నవాళ్ళు, చదివి వెళ్ళినవాళ్ళు, నేను కలిపి తొమ్మిది మందిమి ఈ వేసవిలో హర్ కీ దూన్ పోవాలనుకున్నాం. ఉత్తరాఖండ్‌లో ఉత్తరకాశీ జిల్లా. డెహ్రాడూన్ నుంచి దాదాపు 200 కిలోమీటర్లు కొండదారిలో బస్సు పోతే సాంక్రీ వస్తుంది. అక్కడి నుంచి తాలూకా అనే ఊరు దాటి, సూపిన్ నది ఒడ్డున నడుచుకుంటూ పోతే దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఆ లోయ ఉంటుంది. తొమ్మిది మందిలో ఆరుగురం ఆడవాళ్ళం. అందరం వెల్ఫేర్ హాస్టళ్ళ అన్నం తిని పెరిగినవాళ్ళమే. ఒక్కరం కూడా మంచును ఫ్రిజ్‌లో తప్ప చూడలేదు.

ఈ ఆలోచన ఇవాళ్టిది కాదు. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కినప్పుడు నేను యూనివర్సిటీ హాస్టల్లో ఉన్నాను. పూర్ణకు అప్పటికి ఇంకా 14 ఏళ్ళు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకోవడం నేర్చుకున్నవాళ్ళు. ఆ రాత్రి మెస్సులో టీవీ ముందు ఎంతమందిమి ఏడ్చామో లెక్కలేదు. ఆ మర్నాడే ఒక సీనియర్ అన్న మాట కూడా గుర్తుంది. "హాస్టల్ పిల్లలకు ముందు మంచి భోజనం పెట్టమనండి, ఎవరెస్టు ఎందుకు?" భోజనం అడగాలి, నిజమే. కానీ కొండ ఎందుకని మనల్నే ఎందుకు అడుగుతారు? ఆ ప్రశ్న అప్పటి నుంచి నాతోనే ఉంది.

సరే, లెక్కలకు వస్తాను. మీలో ఎవరైనా పోవాలనుకుంటే పనికొస్తాయి.

మొదట ఏప్రిల్ రెండోవారం అనుకున్నాం. "ఏప్రిల్ 14న ఊళ్ళో ఉండకుండా కొండల్లో ఉంటామా మేడం?" అని పిల్లలు ఒక్కమాటగా కొట్టేశారు. ఏప్రిల్ చివర అంటే పరీక్షలు. చివరికి మే రెండోవారం దగ్గర ఆగాం. మంచు వైపు నుంచి చూసినా అదే నయమైంది. ఏప్రిల్‌లో పైదారి చాలాచోట్ల మంచు కింద ఉంటుంది, కొత్తవాళ్ళకు దారే కనిపించదు. మేలో ఎండ తగిలే దక్షిణం వాలు తేలిపోతుంది. ఉత్తరం వైపు తిరిగిన వాలుల్లో, వాగులు దిగే ఇరుకుల్లో మాత్రం మంచు మిగిలి ఉంటుంది. అంటే ఒకే రోజు నడకలో పూలూ ఉంటాయి, మోకాలి లోతు మంచూ ఉంటుంది.

మిగిలిన మంచుకు ఒక టైంటేబుల్ ఉంది. రాత్రి గడ్డకట్టి తెల్లారి గట్టిగా ఉంటుంది. అప్పుడు జారుతుంది కాబట్టి బూట్లకు ముళ్ళ గొలుసులు తొడుక్కోవాలి. మధ్యాహ్నానికి మెత్తబడి కాలు దిగబడుతుంది. వాగులు కూడా అంతే. పొద్దున సన్నగా పారే వాగు, పైన మంచు కరిగి సాయంత్రానికి పొంగుతుంది. వాగు మీద మంచు వంతెనలా కప్పుకుని ఉంటే ఇంకా ప్రమాదం. పైకి గట్టిగా కనిపిస్తుంది, కింద నీళ్ళు తొలిచేసి ఉంటాయి. అందుకే చీకటితో లేచి, మధ్యాహ్నానికి నడక ముగించాలి. జియాలజీ చదివే మా అమ్మాయి ఉపగ్రహ చిత్రాలు దించుకుని, ఏ వాలు ఎప్పుడు తేలుతుందో వారం వారం గీస్తోంది. ఆ చిత్రాలు ఉచితం, అయిదు రోజులకోసారి కొత్తవి వస్తాయి.

డేరా ఎక్కడపడితే అక్కడ వేయకూడదు. పైన మంచు నిండిన ఏటవాలు ఉండకూడదు, లోయ అడుగున చల్లగాలి చేరే గుంట కాకూడదు. పైగా ఆ కొండల్లో బుగ్యాళ్ళు అనే పచ్చికబయళ్ళలో రాత్రి బసను అక్కడి హైకోర్టు 2018లో నిషేధించింది. అది అభయారణ్యం కూడా. అటవీశాఖ అనుమతించిన చోటే పడుకోవాలి. గ్యాస్ డబ్బాలు రైల్లో తీసుకుపోనివ్వరు, డెహ్రాడూన్‌లో కొనాలి. బూట్ల ముళ్ళు, మోకాళ్ళ కింద మంచు పోకుండా కట్టుకునే తొడుగులు సాంక్రీలో అద్దెకు దొరుకుతాయి. నల్ల కళ్ళద్దాలు సోకు కాదు, మంచు మీద ఎండ కళ్ళను కాలుస్తుంది. కాటన్ బట్టలు వద్దు, చెమటకు తడిస్తే ఆరవు.

వాతావరణం చెడితే వెనక్కి తిరగడానికి రెండు రోజులు అదనంగా పెట్టుకున్నాం. 2024 జూన్‌లో అదే ఉత్తరాఖండ్‌లో సహస్రతాల్ దారిలో మంచుగాలిలో చిక్కుకుని కర్ణాటక నుంచి వెళ్ళిన 9 మంది చనిపోయారు. జూన్‌లో. మా గుంపు కూడా తొమ్మిదే అని ఒకమ్మాయి లెక్కబెట్టింది. ఎవరం ఏమీ మాట్లాడలేదు.

మా అమ్మకు చెప్తే నోటిమీద వేలేసుకుంది. "ఏందే బిడ్డా, పైసలు పెట్టి చలిల పండుటానికి పోతరా?" అంది. కాసేపటికి తనే లోపలికి పోయి పాత గొంగడి తెచ్చింది. "గిది కిందేసుకో. తడిసినా వెచ్చగనే ఉంటది." ఉన్ని గురించి నేను వారం చదివి తెలుసుకున్నది అమ్మ ఒక్క ముక్కలో చెప్పింది. సంచి వీపుకెత్తుకుని చూపిస్తే పట్టీలు సరిచేసింది. "బరువు భుజాల మీద పడొద్దు, నడుము మీద పడాలె." నలభై ఏళ్ళు గడ్డిమోపులు, కట్టెలమోపులు మోసింది. ఆమె మోసిన బరువుకు ట్రెక్కింగ్ అని ఎవరూ పేరు పెట్టలేదు.

అసలు కథ ఇప్పుడు మొదలవుతుంది.

సాంక్రీలో ఒక గైడుతో ఫోన్లో మాట్లాడాం. మంచి మనిషి, ఓపికగా అన్నీ చెప్పాడు. "మేలో కూడా రాత్రి చలి ఎక్కువ మేడంజీ, పై ఊళ్ళో ఇళ్ళల్లో పడుకోండి, చెక్క ఇళ్ళు, వెచ్చగా ఉంటాయి, వేడన్నం పెడతారు" అన్నాడు. స్పీకర్ పెట్టి ఉంది. మా పిల్లల్లో ఒకడు హిందీలో అడిగాడు. "ఆ ఇళ్ళల్లోకి అందరినీ రానిస్తారా భయ్యా?"

అవతల కాసేపు మాట లేదు. తర్వాత అన్నాడు. "టూరిస్టులైతే అందరినీ రానిస్తారు."

ఆ ప్రశ్న ఊరికే వచ్చింది కాదు. దారి మ్యాపు గీస్తున్నప్పుడు ఊళ్ళ పేర్లు ఒక్కొక్కటీ వెతికాం. ముస్సోరీ దాటాక నైన్‌బాగ్. 2019లో ఆ ప్రాంతంలోనే ఒక పెళ్ళి విందులో అగ్రకులాలవాళ్ళ ముందు కుర్చీలో కూర్చుని తిన్నందుకు ఒక దళిత యువకుణ్ణి కొట్టారని కేసైంది. కొన్ని రోజులకే అతను ఆసుపత్రిలో చనిపోయాడు. ఇంకా ముందుకు పోతే మోరీ. 2023 జనవరిలో ఆ మోరీ ప్రాంతంలోనే సాల్రా అనే ఊళ్ళో గుడిలోకి వెళ్ళిన 22 ఏళ్ళ దళితుణ్ణి రాత్రంతా కట్టేసి, మండే కట్టెలతో కొట్టారని కేసు నమోదైంది. మా బస్సు ఈ దారినే పోవాలి. ఆ అబ్బాయి వయసు, మా పిల్లల వయసు ఒకటే.

ఆ రాత్రి గొడవే అయింది. ఎంఏ చదివే అమ్మాయి అంది, "మేడం, అక్కడ మన ఇంటిపేరు చూసి ఎవరూ ఏమీ పోల్చలేరు. మనం హైదరాబాద్ వాళ్ళం, అంతే. జీవితంలో నాలుగు రోజులు కులం లేకుండా ఉండొచ్చు. అదెందుకు వదులుకోవాలి?" ఆ మాటకు నా గొంతు పట్టేసింది. ఇరవయ్యేళ్ళ పిల్ల సెలవు అడుగుతోంది. కులం నుంచి సెలవు. ఫోన్లో ప్రశ్న అడిగిన అబ్బాయి ఒప్పుకోలేదు. "అక్కా, సాల్రా అబ్బాయి అడుగుపెట్టలేని ఇంట్లో మనం కులం దాచుకుని వేడన్నం తింటే, అది మన సెలవా, వాళ్ళ మర్యాదా?"

ఇద్దరి మాటా నిజమే. నేను వెంటనే ఏమీ చెప్పలేకపోయాను. నాకు చదువు చెప్పిన పుస్తకాల్లో ఏనుగుల వీరాస్వామి కాశీయాత్ర చరిత్ర గుర్తొచ్చింది. 1830లో మద్రాసు నుంచి పల్లకీలో బయల్దేరి, పెద్ద పరివారంతో కాశీ దాకా పోయి వచ్చాడు. తెలుగులో తొలి యాత్రాగ్రంథం అని పరీక్షల్లో నేనూ రాశాను, ఇప్పుడు రాయిస్తున్నాను. ఆ పల్లకీ మోసిన బోయీలు కూడా కాశీ చూశారు. వాళ్ళ యాత్రాగ్రంథం మన సిలబస్‌లో లేదు. మనం పోతున్నది ఆ ఖాళీలోకి. మరి పేరు దాచుకుని పోతే ఆ ఖాళీ నిండుతుందా?

మూడు రోజులు మాట్లాడుకుని ఇలా తేల్చుకున్నాం. ఇళ్ళల్లో దిగం, మా డేరాల్లోనే పడుకుంటాం, మా వంట మేమే వండుకుంటాం. చలికి మందంగా ఉన్న నిద్రసంచులు అద్దెకు తీసుకుంటాం, ఖర్చు కొంత పెరిగింది. గైడు ఉండాల్సిందే, మంచు దగ్గర పౌరుషం పనికిరాదు. సామాను మోసే మనుషుల్ని పెట్టుకుంటే బరువు తూచి ఇస్తాం, మాట్లాడుకున్న కూలీ ఏ రోజుకారోజు ఇస్తాం, మాతోనే కూర్చోబెట్టి తినిపిస్తాం. ఎవరైనా అడిగితే కులం చెప్తాం. అడగకపోతే చాటింపు వేయం. ఆ అమ్మాయి అడిగిన సెలవు కూడా ఆమె హక్కే.

ఇంకొకటి. మా గుంపులో డప్పు కొట్టే అబ్బాయి డప్పు తెస్తానన్నాడు. ఆ లోయల్లో దేవుడి ఊరేగింపుకు ఢోలు కొట్టేది బాజ్గీలు. వాళ్ళూ దళితులే. దేవుణ్ణి లేపేది వాళ్ళ చేతులే. మన కథే కదా. అభయారణ్యంలో డప్పు కొట్టకూడదు కాబట్టి సాంక్రీలోనే ఉంచి, దిగివచ్చాక ఒక రోజు ఆగి, వాళ్ళకు ఇష్టమైతే వాళ్ళతో కూర్చుంటాం. ఇష్టమైతేనే. మనం పోయి ఒక ఫొటో, ఒక నినాదం పెట్టి రైలెక్కుతాం. ఆ తర్వాత ఆ ఊళ్ళో ఉండాల్సింది వాళ్ళు. "చలికి తోలు సల్లబడ్తది, కాపకుంటే కూత రాదు" అని ఆ అబ్బాయి తండ్రి ఇప్పటికే హెచ్చరించాడు.

ఆదివారాలు తెల్లారి అయిదింటికి భువనగిరి గుట్ట కింద కలుస్తున్నాం. సంచుల్లో ఎనిమిదేసి కిలోల బియ్యం, ఇసుక వేసుకుని ఎక్కి దిగుతున్నాం. మొదటివారం నాకు సగంలోనే ఊపిరి ఆగిపోయింది. సెలవు అడిగిన అమ్మాయే వెనక్కి వచ్చి నా సంచి పట్టీలు సరిచేసింది. మా అమ్మ చెప్పినట్టే, నడుము మీదికి.

ఆడపిల్లల సైజు పాత బూట్లు, ఉన్ని స్వెటర్లు ఎవరి దగ్గరైనా ఉంటే ఇన్‌బాక్సులో చెప్పండి, మనిషిని పంపిస్తాను. ఇంకా ఇద్దరికి బూట్లు కావాలి. తిరిగొచ్చాక మిగతాది రాస్తాను.

జై భీమ్.