తీసుకొని, తీసుకపోయి, తీసిపెట్టి

కామారెడ్డిలో నిజాంసాగర్ చౌరస్తాకు దగ్గర్లో నా తర్జుమా దుకాణం. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్స్ మిషన్, అట్ట ఊడిన శంకరనారాయణ నిఘంటువు. గల్ఫ్‌కు పోయేవాళ్ల అగ్రిమెంట్లు, కోర్టు నోటీసులు, భూముల కాయితాలు వస్తుంటాయి. ఇంగ్లీషు నుంచి తెలుగు, తెలుగు నుంచి ఇంగ్లీషు, పాత కాయితమైతే ఉర్దూ నుంచి. ఈ పనిలో ఇరవై ఏళ్లు దాటింది. నన్ను ఎక్కువ సతాయించినవి పెద్ద పెద్ద లా మాటలు కావు. ‘ఇండెమ్నిటీ’కి నిఘంటువులో ఒక మాట ఉంటుంది, అది రాస్తే అయిపోతుంది. చిన్నబడి పిల్లలకు కూడా తెలిసిన ‘టేక్’ దగ్గర మాత్రం ఇప్పటికీ చెయ్యి ఆగుతుంది.

ఆగడం నేర్చుకున్నది ఎల్లారెడ్డిలో. అక్కడ అర్జీలు రాసే ఒక పెద్దాయన దగ్గర పని నేర్చుకునే రోజులు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు. ఉర్దూ మీడియంలో చదివినాయన. ఒక పొద్దున లింగంపేట దిక్కు నుంచి ఒక తల్లి వచ్చింది. కొంగుకు కట్టిన ప్లాస్టిక్ సంచిలోంచి కంపెనీ ఉత్తరం తీసి నా చేతిలో పెట్టింది. కొడుకు గల్ఫ్‌లో పని మీదనే చనిపోయి రెండు నెలలైంది. ఉత్తరం చివర ‘వీ విల్ టేక్ అప్ ది మ్యాటర్ విత్ ది ఇన్సూరెన్స్ కంపెనీ’ అని ఉంది. నేను గబగబా ‘ఇన్సూరెన్స్ విషయం మేము తీసుకుంటాము’ అని రాసి, ఆమెకు చదివి వినిపించిన.

ఆమె కాసేపు ఏమీ అనలేదు. తర్వాత మెల్లగా అడిగింది. “నా కొడుకు పైసలు గుడ ఆళ్లే తీస్కుంటరా సారూ?”

ఉస్తాద్ తన కుర్చీలోంచి లేచి వచ్చి ఉత్తరం చూసి, ఆమె పక్కన బల్ల మీద కూర్చున్నడు. “లేదమ్మా. ఇన్సూరెన్సోళ్లతోని కంపెనోళ్లే మాట్లాడుతరట, నీ తరఫున అడుగుతరట” అన్నడు. ఆమెకు నీళ్లు తెప్పించినంక నా దిక్కు తిరిగి, “తీసుకుంటాము కొట్టెయ్. ఎవలు ఎవలితోని మాట్లాడుతరో గది రాయి” అన్నడు. మళ్లీ రాసిన. కానీ నా మొదటి వాక్యం విన్నప్పటి ఆమె ముఖం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. నా తప్పు ఒక్క మాటది. ఆ ఒక్క నిమిషం ఆమె కంపెనీని దొంగ అనుకున్నది.

ఆ తర్వాత నేను ‘టేక్’ వచ్చిన వాక్యాలన్నీ ఒక నోట్‌బుక్‌లో ఎక్కించడం మొదలుపెట్టిన. అది నిండుతుంటే ఒక సంగతి తేటపడింది. ఇంగ్లీషు తన క్రియ వెనక చిన్న మాటను తగిలిస్తుంది: అప్, ఆఫ్, ఓవర్, బ్యాక్. అర్థమంతా ఆ తోకలో ఉంటుంది. మన దగ్గర ఆ పని రెండో క్రియ చేస్తుంది. ‘తీయు’ ఒక్కటే, దాని వెనక వచ్చే క్రియ మారితే లోకం మారుతుంది. తీసుకో అంటే నీ కోసం. తీసిపెట్టు అంటే ఇంకొకరి కోసం. తీసెయ్ అంటే ఇక అది ఉండొద్దు. తీసుకపో, తీసుకరా అంటే దిక్కు తెలిసిపోతుంది. ఉస్తాద్ ఉర్దూలో కూడా ఇదే చూపించిండు: లే లేనా, లే జానా, లే ఆనా. కాబట్టి ఇంగ్లీషు తోకను చూసి తెలుగు రెండో క్రియను వెతకాలి. ‘టేక్’ను చూసి ‘తీసుకొను’ రాస్తే ఆ ‘కొను’ ఊరికే ఉండదు, లాభం ఎవరికో చెప్పేస్తుంది. ఆ తల్లి విన్నది ఆ ‘కొను’నే.

చాలా చోట్ల ‘తీయు’ అసలే రాదు. బస్సు ఎక్కుతాం, పరీక్ష రాస్తాం, గోలీ వేసుకుంటాం, తానం చేస్తాం, టైం పడుతుంది. ఫోటో అయితే ఇంకా ముచ్చట. కెమెరా పట్టినవాడు ఫోటో తీస్తాడు, ముందు నిలబడ్డవాడు ఫోటో దిగుతాడు. పాస్‌పోర్టు సైజు ఫోటో తెమ్మనే కాయితంలో దిగాలో తీయాలో తెలియకుండా రాసిన తర్జుమాలు నా దగ్గరికి దిద్దడానికి వస్తాయి. ‘చర్య తీసుకొను’, ‘నిర్ణయం తీసుకొను’ మీద నాకు పేచీ లేదు. అవి పేపర్ల దారిన వచ్చి మన నోట్లో కుదురుకున్నాయి. ‘స్నానం తీసుకొను’ మాత్రం నేను రాయను, రాయనివ్వను.

భూమి కాయితాల్లో ప్రమాదం ఇంకో రకం. 1894 భూసేకరణ చట్టం 16వ సెక్షన్‌లో కలెక్టర్ భూమిని ‘టేక్ పొజెషన్’ చేయవచ్చని ఉండేది. 2014 జనవరి నుంచి కొత్త చట్టం అమలైనా పాత కేసుల ఫైళ్లు ఇంకా వస్తాయి. నిజాం కాలపు ఉర్దూలో దానికి నిక్షేపమైన మాట ‘కబ్జా’. స్వాధీనంలో ఉండడం అనే అర్థం, తప్పొప్పుల వాసన లేదు. ఇప్పుడు కామారెడ్డిలో ఎవరినైనా అడగండి, కబ్జా అంటే ఇతరుల జాగాలో కడీలు పాతడం. ఆఫీసు నోటీసులో ‘కబ్జా తీసుకొనబడినది’ అని రాస్తే రైతు నేరుగా వకీలు దగ్గరికి పోతాడు. అందుకే పాత ఉర్దూ కాయితంలో కబ్జా కనిపిస్తే తెలుగులో స్వాధీనం అని రాస్తాను. 1917లో హైదరాబాదులో దారుల్ తర్జుమా పెట్టి, ఉస్మానియా యూనివర్సిటీ కోసం ఇంగ్లీషు పుస్తకాలను ఉర్దూలోకి తెచ్చినవాళ్లు మాటలు పుట్టించడానికి ఎంత కష్టపడ్డారో ఉస్తాద్ చెప్పేవాడు. పుట్టిన మాట తర్వాత ఏ గడపకు పోయి ఏ బతుకు బతుకుతుందో పుట్టించినవాడి చేతిలో ఉండదు.

మా అక్క బిడ్డ హైదరాబాదులో ఇఫ్లూ యూనివర్సిటీలో స్పానిష్ చదువుతున్నది. దసరాకు వచ్చినప్పుడు నా నోట్‌బుక్ చూసి ఎగిరి గంతేసింది. “మామా, మాకు ఇదే హోంవర్క్!” అన్నది. వాళ్లు కూడా ‘టేక్’ను ముక్కలు చేసుకుంటారట. చాయ్ తాగడానికి, బస్సు ఎక్కడానికి తొమార్, మనిషిని ఎక్కడికైనా తీసుకపోవడానికి యెవార్, ఒంటి మీది బట్ట తీసెయ్యడానికి కితార్, లోపలున్నది బయటికి తీయడానికి సకార్. విమానం లేవడానికి దెస్‌పెగార్, అంటే అతుకు ఊడడం. ఫోటోకు ఏమంటారని అడిగిన. “సకార్, మామా. మనలెక్కనే, బయటికి తీసుడే” అన్నది. సముద్రాల అవతలి భాష కూడా కెమెరాలోంచి బొమ్మను ‘తీస్తున్నది’ అని తెలిసి నాకు కలిగిన సంతోషం చెప్పలేను. కబ్జాకు చెల్లెలు కూడా అక్కడ ఉంది. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికి రోజూ వాడే కొహేర్ అనే మాట మెక్సికోలో, అర్జెంటీనాలో నలుగురిలో పలకరానిదట.

గల్ఫ్ అగ్రిమెంట్ల దగ్గర ఈ పట్టింపు నాకు ఇంకా ఎక్కువ. పది పాస్ కాని పిల్లలు, ఎమిగ్రేషన్ తనిఖీ ఉండే ఈసీఆర్ పాస్‌పోర్టు చేతిలో పెట్టుకొని, అప్పు చేసి పోతున్నవాళ్లు. ‘టేక్స్ ఎఫెక్ట్ ఫ్రమ్ ది డేట్ ఆఫ్ జాయినింగ్’ అని ఉంటే, ‘ప్రభావం తీసుకుంటుంది’ అని రాసిన తర్జుమా ఒకటి నా దగ్గరికి వచ్చింది. దాంతో ఆ పిల్లవాడికి ఏం తెలుస్తుంది? ‘డ్యూటీలో చేరిన రోజు నుంచి ఈ ఒప్పందం నడుస్తుంది’ అని రాసి, అంటే దిగిన రోజు నుంచి కాదు, చేరిన రోజు నుంచి జీతం లెక్క అని నోటితో కూడా చెప్పి పంపిస్తాను.

పోయిన నెల సైట్లలో గోడకు అంటించే జాగ్రత్తల షీటు తర్జుమాకు వచ్చింది. పన్నెండు లైన్లు. ఎనిమిదోది ‘టేక్ కేర్ వెన్ వర్కింగ్ ఎట్ హైట్’. ‘శ్రద్ధ తీసుకోండి’ అని టైపు చేసి తీసేసిన. ‘జాగ్రత్త వహించండి’ రాసి అదీ తీసేసిన. సారువ కట్టె మీద నిలబడ్డ పిల్లవాడు పైకి చూసి చదవాల్సిన లైను అది. ఇంటి గడప దాటేటప్పుడు వాళ్లమ్మ ఏమని ఉంటుందో ఆలోచించి ఎనిమిదో లైను రాసిన: ‘ఎత్తుల పని. పైలం.’ షీటు తెచ్చినతను ఇది పల్లెటూరి మాట, మార్చమన్నడు. మిగతా పదకొండు లైన్లు ఆయన అడిగినట్టు దిద్ది ఇచ్చిన. ఎనిమిదోది అట్లే ఉంది.