డెత్ వ్యాలీ దారిలో ఫ్రిజ్

అమెరికాలోని డెత్ వ్యాలీకి వెళ్ళేవారు నీళ్ళు దండిగా తీసుకుపోతారు. మా బండిలో నీళ్ళతోపాటు మామయ్యగారి ఇన్సులిన్ కూడా ఉంది. తెరవని సీసాలను 2 నుండి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. ఆ లోయలోని ఫర్నెస్ క్రీక్‌లో 1913 జూలై 10న నమోదైన వేడి 56.7 డిగ్రీలు! మేము వెళ్ళింది మే నెలలో. అప్పటికే నేల కాలుతోంది.

మా బావమరిది బండి క్యాంపర్, అంటే మంచం, పొయ్యి, ఫ్రిజ్ అమర్చిన పెద్ద వ్యాను. నడుస్తున్నంతసేపు ఇంజను తిప్పే ఆల్టర్నేటరు బ్యాటరీని నింపుతుంది. బ్యాటరీలోని 12 వోల్టులను ఇన్వర్టరు అక్కడి ఇళ్ళలో వాడే 120 వోల్టులుగా మార్చి ఫ్రిజ్‌కు ఇస్తుంది. కరెంటు పోయినపుడు మన ఇంట ఫ్యాను తిరిగేదీ ఇలాగే. కొన్ని క్యాంపర్లలో గ్యాసు ఫ్రిజ్‌లుంటాయి. పెట్రోలు బంకు దగ్గర వాటి మంట ఆర్పవలసిందే.

చిక్కంతా బండి ఆపినప్పుడే. ఫ్రిజ్ 100 వాట్లు లాగితే, ఇన్వర్టరులో పోయేదానితో కలిపి బ్యాటరీ నుండి సుమారు 10 ఆంపియర్లు ఖర్చు. 100 ఆంపియర్-అవర్ల సీసపు బ్యాటరీలో సగమే వాడుకోవడం మేలు. ఫ్రిజ్ ఆగకుండా నడిస్తే అది ఐదు గంటలు.

సముద్రమట్టానికి 86 మీటర్లు దిగువనున్న బ్యాడ్‌వాటర్ ఉప్పునేల మీద మామయ్యగారు మైమరచిపోయారు. అత్తయ్యగారు మాత్రం ఫ్రిజ్ తలుపు ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. “చల్లనీళ్ళు రాత్రికి త్రాగుదురుగాని, బాబూ” అన్నారు నాతో. ఏ ఇంజనీరైనా ఆ మాటే చెబుతాడు. కరెంటు ప్లగ్గున్న మకాం చేరేసరికి లోపలి థర్మామీటరులో 5 డిగ్రీలు. అప్పుడు గాని ఆమె తలుపు తీయలేదు.